తలంబ్రాల పసుపు, లైట్ల పసుపు: ఒక పెళ్లి రా ఫైళ్లతో నేను పడ్డ పాట్లు

“అన్నీ బాగున్నాయి బాబూ. మా అమ్మాయి మొహంలో పెళ్లికళ ఏదీ?”

సెలక్షన్ కోసం ఇచ్చిన 640 ఫోటోలూ చూశాక పెళ్లికూతురి తల్లి నన్నడిగిన మాట ఇది. పక్కనే కూర్చున్న నాయనమ్మ ఇంకాస్త సూటిగా చెప్పింది: “మొహానికి సున్నం కొట్టినట్టుంది.” ఫోకస్ తప్పిందనో, ఫలానా మేనత్త ఒక్క ఫోటోలోనూ లేదనో మాటలు పడ్డ రోజులున్నాయి గానీ, రంగు గురించి ఇంత కచ్చితంగా తిట్టినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. స్టూడియోకి వచ్చి ఫైళ్లు మళ్లీ తెరిచాను. ఆవిడ అన్నది అక్షరాలా నిజం.

ఆ ఫోటోల్ని మొదటిసారి ఎలా పాడుచేశానో, రెండోసారి ఎలా దారికి తెచ్చానో రాస్తున్నాను. ఫోటోలు దిద్దడానికి నేను వాడే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్. డబ్బు కట్టకుండా డార్క్‌టేబుల్‌తో పని చేసుకునేవాళ్లకి స్లైడర్ల పేర్లు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే.

హాల్లో ఉన్న లైట్లు

తణుకు దగ్గర ఒక ఊళ్లో ఫంక్షన్ హాలు. ముహూర్తం రాత్రి 12 దాటాక. మండపం స్తంభాలకి చుట్టిన ఎల్ఈడీ స్ట్రిప్పులు బంగారు రంగువి, 3,000 కెల్విన్ రకం (కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత: అంకె తగ్గితే పసుపు, పెరిగితే నీలం). వీడియో వాళ్ల ఫోకస్ లైటు 5,600. సీలింగు నిండా 6,500 రకం ట్యూబులైట్లు. ఇవి చాలవన్నట్టు, వెనకనున్న పూల గోడ మీదకి డెకరేషన్ వాళ్లు తిప్పిపెట్టిన పార్ లైట్లు నాలుగు, నిండు మెజెంటా. పెళ్లికూతురి కుడి చెంప మీద ఒక రంగు, ఎడమ చెంప మీద ఇంకో రంగు, జడ అంచున మూడోది.

నాయనమ్మ పట్టుబట్టి మేకప్ పలచగా వేయించింది. పొద్దున మంగళస్నానం నాటి పసుపు మెడ మీద, చెవుల పక్కన ఇంకా తెలుస్తూనే ఉంది. ఈ కేసుకి మూలం ఆ పసుపే.

కెమెరాలు రెండూ 14 బిట్ రా (సెన్సర్ చూసింది చూసినట్టు దాచే ఫైలు), వైట్ బ్యాలెన్స్, అంటే లైటు రంగుని లెక్కగట్టి తీసేసే సెట్టింగు, ఆటోలో. “రాలో తీస్తున్నాం కదా, తర్వాత చూసుకోవచ్చులే” అనే ధీమా. ఆ ధీమాలో సగం న్యాయమే. రా ఫైల్లో వైట్ బ్యాలెన్స్ ముద్ర పడిపోదు. సెన్సర్ మీద ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం ఫిల్టర్లు ఉంటాయి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక అది. ఒక్కో గడి తన మీద పడిన వెలుగు ఎంతో ఒక అంకె రాసుకుంటుంది, అంతే. వైట్ బ్యాలెన్స్ అంటే ఆ తర్వాత ఎరుపు అంకెల్ని ఇంతతో, నీలం అంకెల్ని అంతతో హెచ్చవేయడం. కెమెరా తనకి తోచిన హెచ్చవేత ఎంతో ఫైల్లో చిన్న చీటీలా రాసిపెడుతుంది. మనం ఆ చీటీ మార్చుకోవచ్చు.

రెండో సగం ఎవరూ చెప్పరు. బల్బు రంగు వెలుగులో నీలం తక్కువ. కాబట్టి నీలం గళ్లలో పడింది తక్కువ, దాన్ని రెండింతలో అంతకన్నా ఎక్కువో పెంచాలి. పెంచితే నలకలూ (నాయిస్) పెరుగుతాయి. పసుపు కొమ్ములోని కర్క్యుమిన్ ఊదా, నీలం వెలుగుని మింగేసే పదార్థం. కాబట్టి పసుపు రాసిన చర్మం దగ్గర నీలం చానెల్ దాదాపు ఖాళీ. తక్కువ వెలుగు కోసం కెమెరా సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, 3,200కి పెంచినప్పుడు అలాంటి చోట నీలాన్ని లాగితే చెంప మీద ఇసుక చల్లినట్టు వస్తుంది. దాన్ని కలర్ నాయిస్ స్లైడర్‌తో అణచబోతే పసుపు ఛాయ కూడా దాంతోపాటే పోతుంది.

మొదటి తప్పు

మంగళసూత్రధారణ ఫ్రేములు తెరిచి, డ్రాపర్ (ఏది రంగులేనిదో సాఫ్ట్‌వేర్‌కి చూపించే పనిముట్టు) తీసుకుని మధుపర్కం చీర మీద నొక్కాను. తెల్ల చీర, ఎర్ర అంచు. తెలుపు అంటే ఇంతకన్నా తెలుపేముంటుంది అనుకున్నాను. టెంపరేచర్ స్లైడర్ 2,950కి పడిపోయింది, అంటే లైటు అంత పసుపుదని సాఫ్ట్‌వేర్ లెక్క. అదే సెట్టింగు 300 ఫ్రేములకి సింక్ చేసి, అంటే ఒక్కసారే అన్నిటికీ అంటించి, పడుకున్నాను.

మధుపర్కం కట్టుకునే ముందు దానికి పసుపు పెడతారని నాకు తెలియదా? మా ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు కాలేదు! తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చునేసరికి మర్చిపోయాను. పలచగా పసుపు పట్టిన బట్ట మీద డ్రాపర్ నొక్కితే, ఆ పసుపు కూడా లైటుదే అని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. మొత్తం ఫోటోలోంచి అంత పసుపు తీసేస్తుంది. చీర నిజంగానే పాలలా వచ్చింది. పిల్ల మొహం పాలిపోయింది. మొహంలో జీవం లేదనిపించి కాంట్రాస్ట్ 25, వైబ్రెన్స్ 20 పెంచాను. పాలిపోయిన చర్మం మీద కాంట్రాస్ట్ వేస్తే వచ్చేది బూడిద. నాయనమ్మ సున్నం అన్నది దాన్నే.

వైట్ బ్యాలెన్స్ తీసేయాల్సింది లైటు రంగుని. వస్తువు రంగుని కాదు. పుస్తకంలో చదివితే ఇది ఎల్‌కేజీ పాఠం. కానీ మన పెళ్లి మండపంలో ఏ పసుపు లైటుదో, ఏ పసుపు పసుపుదో విడదీయడం అంత తేలిక కాదు.

తటస్థ రంగు కోసం వేట

రెండోసారి మొదలుపెట్టినప్పుడు మండపంలో ఏ రంగూ లేని వస్తువు ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. పంతులుగారి జంధ్యం చూశాను, దానికీ పసుపే. లగ్నపత్రిక నాలుగు మూలలా పసుపు. కొబ్బరి చిప్పలోని తెలుపు పనికొచ్చేదే గానీ, ఎప్పుడూ నీడలోనే ఉంది. వెండి పళ్లెం అద్దం లాంటిది, తన చుట్టూ ఉన్న పూల రంగు చూపిస్తుంది. పెళ్లికొడుకు తండ్రి పంచె తళతళలాడుతోంది కదా అని దాని మీద నొక్కితే ఫోటో మొత్తం ఒక్కసారిగా ఆవకాయ రంగుకి తిరిగింది. కారణం నీలిమందు. బట్టలో ఉన్న నీలాన్ని లైటులో ఉన్న నీలం అనుకుని, దాన్ని కొట్టేయడానికి సాఫ్ట్‌వేర్ పసుపు పోసింది. ఒకే మండపంలో ఒక తెల్లబట్ట నన్ను చల్లటి వైపు లాగితే, ఇంకోటి వేడి వైపు లాగింది.

చివరికి దారి చూపింది పంతులుగారి ముందున్న మైకు. స్టీలు జాలీ, మెరుపు పోయిన బూడిద రంగు, పెళ్లికూతురికి మూడడుగుల దూరంలో, ఆమె మీద పడే వెలుగులోనే ఉంది. అక్కడ నొక్కితే టెంపరేచర్ 3,750, టింట్ (ఆకుపచ్చ, మెజెంటాల మధ్య జరిపే స్లైడర్) ప్లస్ 9 చూపించింది. మైకు జాలీని గుడ్డిగా నమ్మలేం కాబట్టి ఇంకో సాక్షిని చూసుకున్నాను. బుట్టలో పెళ్లికూతుర్ని తెచ్చిన మేనమామ మండపం అంచునే నిలబడి ఉన్నాడు. పసుపు అంటని ముంజేయి, రోజూ నేను చూసే చామనఛాయ. కర్సర్ పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు ఆ వరసలోనే దిగాయి. ఎవరి చర్మమైనా సరే, నలుపైనా తెలుపైనా, మామూలు వెలుగులో ఎరుపు పైన, నీలం కింద ఉండాలి. ఆ వరస తప్పితే లైటు తేడా. అతని చేయి సహజంగా ఉంది, పెళ్లికూతురి మెడ దగ్గర మాత్రం నీలం అంకె ఇంకా కిందికి ఉంది. ఆ తేడా పసుపుది. దాని జోలికి పోకూడదు.

3,750 అంకెని ఎవరూ రాసుకోవద్దు. పక్క హాలుకి వెళ్తే అది దేనికీ పనికిరాదు.

కాంట్రాస్ట్ పెంచితే రంగు ఎందుకు మండుతుంది

కాంట్రాస్ట్ స్లైడర్ వెలుగునీడల సంగతి మాత్రమే చూసుకుంటుందని చాలామంది అసిస్టెంట్లు అనుకుంటారు. ఒక చెంప మీది పిక్సెల్ చూద్దాం. 0 నుంచి 255 దాకా ఉండే లెక్కలో ఎరుపు 190, ఆకుపచ్చ 140, నీలం 105 అనుకోండి. ఎస్ ఆకారపు కర్వ్ వేస్తే మధ్యకి పైనున్నవి ఇంకా పైకి, కిందున్నవి ఇంకా కిందికి పోతాయి. ఎరుపు 210కి ఎక్కింది, ఆకుపచ్చ 143 దగ్గరే ఆగింది, నీలం 92కి దిగింది. మూడింటి మధ్య ఎడం 85 నుంచి 118 అయింది. ఆ ఎడమే సాచురేషన్, అంటే రంగు గాఢత. మనం రంగు స్లైడర్ ముట్టుకోకుండానే చెంప నారింజ అయింది. అప్పటికే నీలం ఖాళీగా ఉన్న తలంబ్రాల బియ్యం అయితే ఇంకా ఘోరం, నియాన్ బోర్డులా వెలుగుతుంది.

అందుకని ఈసారి కాంట్రాస్ట్ స్లైడర్ సున్నా దగ్గరే వదిలేశాను. ప్రొఫైల్ అడోబ్ కలర్ నుంచి అడోబ్ న్యూట్రల్‌కి మార్చాను. మామూలుగా తెరవగానే కనిపించే అడోబ్ కలర్ కొంచెం కాంట్రాస్ట్, కొంచెం వెచ్చదనం ముందే కలిపి ఇస్తుంది. పగటి ఫోటోలకి అది హాయి. ఇక్కడ వెచ్చదనం మనకి అక్కర్లేనంత ఉంది. న్యూట్రల్‌లో ఫోటో చప్పగా, ఉప్పు లేని పప్పులా కనిపిస్తుంది, భయపడకూడదు. ఆ మీదట పాయింట్ కర్వ్‌లో మూడే చుక్కలు పెట్టాను: 64ని 58కి, 128ని 130కి, 192ని 200కి. చాలా పలచని ఎస్. కర్వ్ కింద ఉండే రిఫైన్ సాచురేషన్ స్లైడర్ కొద్దిగా తగ్గించాను. వెలుగునీడల ఎడం వచ్చింది, రంగు మాత్రం తనచోటనే ఉంది.

బ్లాక్స్ స్లైడర్‌ని కర్వ్ కన్నా ముందే చూసుకోవాలి. జడ, కాటుక, పెళ్లికొడుకు మీసం, ఈ మూడూ నల్లగా ఉంటే మొహం దానంతటదే వెలుగుతుంది. నలుపు గట్టిగా కుదిరిన ఫోటో మధ్య వెలుగుల్లో కాంట్రాస్ట్ పెద్దగా అడగదు. నేను ఇక్కడ బ్లాక్స్ మైనస్ 14 పెట్టి, షాడోస్ ప్లస్ 10తో జడలోని మల్లెల నీడ మాత్రం కాస్త తెరిచాను.

ఎర్ర పట్టుచీర

జీలకర్ర బెల్లం వేళకి పెళ్లికూతురు ఇంకా ఎర్ర కంచిపట్టులోనే ఉంది. ఆ ఫ్రేముల్లో సమస్య వేరు. చీర మీద జరీ బుటా పోయి, ఒక ఎర్ర ముద్ద మిగిలింది. బర్న్ అయిపోయిందనుకున్నాను, కాలేదు. కెమెరా వెనక తెర మీద చూపించే హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎంతుందో చెప్పే గ్రాఫు) రా ఫైలుది కాదు, కెమెరా తనలో తాను తయారుచేసుకున్న జేపెగ్‌ది. అందులో ఎరుపు గోడకి కొట్టుకున్నా, రాలో ఇంకా చోటుంది. 14 బిట్ ఫైల్లో 16,384 మెట్లుంటే, వాటిలో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికన్నా పైనున్న ఒక్క స్టాప్‌లోనే ఉంటాయి (స్టాప్ అంటే వెలుగు రెండింతలయ్యే ఒక అంగ). అందుకే వెలుగు వైపున్న వివరం మనం అనుకున్నదానికన్నా ఎక్కువ దాగుంటుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.4, ఒక్కో రంగుని విడిగా దిద్దే కలర్ మిక్సర్‌లో ఎరుపు సాచురేషన్ మైనస్ 12, ఎరుపు ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) మైనస్ 10. జరీ మళ్లీ కనిపించింది. ఈ ల్యూమినెన్స్ మైనస్ 10 సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నా మెడకే చుట్టుకుంది.

ఎక్స్‌పోజర్ తగ్గడంతో మొహం కూడా మసకబారింది. దాన్ని మాస్క్‌తో, అంటే ఆ ఒక్క చోటే ఎంచుకుని, ప్లస్ 0.35 లేపాను. మాస్క్ అంచు జడ మీదకి పాకకుండా చూసుకోవడానికే ఎక్కువ సేపు పట్టింది.

తలంబ్రాల బరస్ట్

మొత్తం పనిలో నన్ను ఎక్కువ ఏడిపించినవి ఇవే. చేతులు వేగంగా కదులుతాయి కదా అని షట్టర్ 1/250 పెట్టి సెకనుకి ఎనిమిది చొప్పున కొట్టాను. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం డ్రైవరు ఉన్న ట్యూబులైట్లు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తాయి. కంటికి తెలియదు. 1/100 పెడితే ఒక పూర్తి చక్రం ఫ్రేములోకి వస్తుంది, అన్ని ఫ్రేములూ ఒకేలా ఉంటాయి. 1/250 అంటే చక్రంలో ఒక ముక్క మాత్రమే చిక్కుతుంది. ట్యూబులైటు బలంగా ఉన్న క్షణం చిక్కితే ఫ్రేము చల్లగా, అది నీరసించిన క్షణం చిక్కితే స్ట్రిప్పుల బంగారు రంగు పైచేయి. వరసగా ఉన్న 40 ఫ్రేముల్లో ఏ రెండూ ఒక రంగులో లేవు. సింక్ బటన్ ఇక్కడ పనికిరాదు.

ఆ 40 ఫ్రేముల్నీ చిన్న బొమ్మలుగా పరిచి, కంటితో చూసి మూడు కుప్పలు చేశాను: చల్లవి, నడిమివి, వెచ్చవి. ఒక్కో కుప్పకి మైకు జాలీ మీద వేరే అంకె తీసుకున్నాను. ఒకే ఫ్రేములో పైసగం ఒక రంగు, కిందిసగం ఇంకో రంగు ఉన్నవి ఆరు వచ్చాయి. వాటికి గ్రేడియంట్ మాస్క్ వేసి ఒక వైపు టెంపరేచర్ మార్చాను. ఒక సాయంత్రమంతా పోయింది. 1/100లో కొట్టి ఉంటే చేతులు కాస్త చెదిరేవి, తలంబ్రాల్లో చేతులు చెదిరితే వచ్చే నష్టమేమీ లేదు.

గాల్లో ఉన్న బియ్యం పసుపుని విడిగా సరిచేయాల్సి వచ్చింది. బంతిపూల నారింజ, తలంబ్రాల పసుపు, బంగారం, చర్మం, ఈ నాలుగూ కలర్ మిక్సర్‌లో పక్కపక్క గదుల్లోనే ఉంటాయి. పసుపు స్లైడర్ కదిపితే నగలు ఇత్తడి అవుతాయి, నారింజ కదిపితే చర్మం కదులుతుంది. పాయింట్ కలర్‌తో బియ్యపు రంగు ఎంచుకుని, రేంజ్ ఇరుకుగా పెట్టి, సాచురేషన్ 18 దించాను.

మెజెంటా

పార్ లైటు రంగుని వైట్ బ్యాలెన్స్‌తో సరిచేద్దామని ఎవరూ సమయం పాడుచేసుకోవద్దు. అందులో వెలిగేది ఎరుపు, నీలం ముక్కలే, ఆకుపచ్చ ఉండదు. లేని ఆకుపచ్చని ఎంత హెచ్చవేసినా వచ్చేది నలకలే. చెంప అంచున సన్నగా ఉన్నచోట బ్రష్‌తో సాచురేషన్ తగ్గించి టింట్ ఆకుపచ్చ వైపు జరిపాను. జడ వెనక ఉన్న దాన్ని వదిలేశాను, అది డెకరేషన్‌లో భాగంలాగే కనిపించింది. మొహం సగం మునిగిపోయిన 11 ఫ్రేములు నలుపు తెలుపుకి మార్చాను. అలా మార్చేటప్పుడు ఎరుపు, నారింజ స్లైడర్లు పైకి ఉంచాలి, నీలం జోలికి పోకూడదు. నీలం చానెల్‌లో పసుపు చర్మం మచ్చలమచ్చలుగా ఉంటుంది. ఎరుపులో నునుపుగా ఉంటుంది.

“కొంచెం తెల్లగా”

ఈ మాట అడగని పెళ్లి లేదు. ఈసారి అడిగింది పెళ్లికొడుకు వైపు వాళ్లు. నారింజ ల్యూమినెన్స్ ప్లస్ 40 చేసి పంపేవాళ్లు మా లైన్‌లో చాలామంది ఉన్నారు, పిల్లలు మైదా బొమ్మల్లా వస్తారు. వాళ్లకి కావాల్సింది తెలుపు కాదు, వెలుగు అని నా అనుభవం. మొహం చుట్టూ ఉన్నదాన్ని పావు స్టాప్ తగ్గించి, నారింజ ల్యూమినెన్స్ ప్లస్ 8 దగ్గర ఆపి చూపించాను. “ఇప్పుడు బాగుంది” అన్నారు. చామనఛాయ చామనఛాయలాగే ఉంది.

ప్రింటు

ల్యాబ్ వాళ్లు అడిగేది ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ (ఎస్‌ఆర్‌జీబీ, అడోబ్ ఆర్‌జీబీ అనేవి ఫైల్లో ఏ రంగులు పట్టాలో నిర్ణయించే కలర్ స్పేసులు). మా దగ్గర ఒకతను అడోబ్ ఆర్‌జీబీలో పంపితే ఎర్రచీర ఇంకా బాగా వస్తుందని వాదిస్తాడు. రెండు స్పేసుల్లోనూ ఎరుపు మూల ఒకచోటే ఉంది, పెరిగింది ఆకుపచ్చ వైపు. పైగా ప్రొఫైల్ చూడని మెషీన్ మీద అది పడితే అన్ని రంగులూ చప్పబడతాయి.

నా మానిటర్ ఎప్పుడూ గరిష్ఠ వెలుగులో ఉండేది. కాలిబ్రేటర్ పెట్టి చదరపు మీటరుకి 100 క్యాండెలాలకి దించితే గదిలో కరెంటు పోయినట్టనిపించింది. రెండ్రోజులకి కన్ను అలవాటు పడింది. ప్రింట్లు నల్లగా వస్తున్నాయని ల్యాబ్ మీద నేను పడ్డ గొడవల్లో సగం నా మానిటర్‌వే. మిగతా సగం మాత్రం వాళ్ల ఆటో కరెక్షన్‌ది. పసుపు ఎక్కువున్న ఫోటో చూడగానే ఆ మెషీన్ కూడా నేను మొదటిసారి చేసిన తప్పే చేస్తుంది. అందుకని ఆర్డరు మీద “కరెక్షన్ వద్దు” అని రాసి, ముందు 8 బై 12 సైజులో ఐదు టెస్ట్ ప్రింట్లు తీయించాను. ప్రింట్ ఎలా వస్తుందో ముందే తెర మీద చూపించే సాఫ్ట్ ప్రూఫింగ్‌లో గోలపెట్టిన చోటల్లా బంతిపూలే. వాటి నారింజ ఎస్‌ఆర్‌జీబీలో పట్టదు, కాస్త దించాల్సిందే.

12 బై 36 షీట్లు 40 తయారయ్యాయి. ఆల్బమ్ పట్టుకెళ్లిన రోజు నాయనమ్మ ఒక్కో షీటూ తిప్పుతూ మొహాల గురించి ఏమీ అనలేదు. 17వ షీటు దగ్గర ఆగింది. జీలకర్ర బెల్లానికి ముందు తీసిన పాదాల క్లోజప్.

“పారాణి ఇదేంటి, గోరింటాకు వారం క్రితం పెట్టినట్టుంది?”

పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు పారాణి. ఆ ఎరుపు చీర ఎరుపు కాదు, కొంచెం నారింజ కలిసి, తడిగా మెరుస్తుంది. చీర కోసం పెట్టిన ఎరుపు ల్యూమినెన్స్ మైనస్ 10 ఆ ఫ్రేముకి కూడా సింక్ అయిపోయి, పారాణి గోధుమ రంగుకి తిరిగింది. ఐదు టెస్ట్ ప్రింట్లలో పాదాల ఫోటో ఒక్కటీ లేదు. పాదాల వరకూ మాస్క్ వేసి ఎరుపుని మళ్లీ పైకి తెచ్చి, ఆ ఒక్క షీటూ నా ఖర్చుతో ప్రింట్ చేయించి, బైండింగ్ విప్పించి మార్చి ఇచ్చాను.